టేబుల్ మీద 50 కిలోవోల్టుల డీసీ: కట్టే పద్ధతి, కాటేసే చోట్లు

బడి ల్యాబుల్లో ఉండే, బెల్టుతో చార్జి పోగేసే వాన్ డి గ్రాఫ్ యంత్రం తల 25 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గోళం అనుకుందాం. దాని కెపాసిటెన్స్ (చార్జిని నిలవుంచుకునే సామర్థ్యం) సుమారు 14 పికోఫారడ్లు. 2 లక్షల వోల్టులకు ఎక్కించినా అందులో నిలవుండేది 0.28 జౌల్. మైక్రోవేవ్ ఓవెన్‌లోని 1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌లో 2,800 వోల్టులకే 3.9 జౌళ్లు చేరతాయి, అంటే 14 రెట్లు. మొదటిది వేలికి చురక పెట్టి వదిలేస్తుంది. రెండోది, వెనకున్న ట్రాన్స్‌ఫార్మర్‌తో కలిస్తే, ప్రాణం తీస్తుంది.

హై వోల్టేజి డీసీ కట్టేవాళ్లు వోల్టులు ముందు చూసుకుని నిల్వను చివర్లో లెక్కేస్తారు. తిరగేసి చేస్తే పని తేలిక, ప్రాణానికీ మేలు. ప్రయోగశాల పరికరాల భద్రతకు ఉన్న ఐఈసీ 61010-1 ప్రమాణం, 15 కేవీ (కిలోవోల్టులు) దాటిన చోట చేతికి అందే భాగాల్లో ఉండదగిన శక్తికి 350 మిల్లీజౌళ్ల గీత గీసింది. ఈ గైడులో 50 కేవీ, 100 మైక్రోఆంపియర్ల సప్లైని ఆ గీతకు లోపల ఉండేలా కడతాం. అలాగని దాన్ని ముట్టుకోవచ్చని కాదు. ఏదో ఒకటి తప్పిన రోజు ఆ తప్పు మనిషి మీదికి రాకుండా ఉండాలని.

మెయిన్స్ మీద నడిచే సర్క్యూట్లు, స్విచింగ్ సప్లైలు కట్టి, పాడుచేసి, బాగుచేసిన అనుభవం లేకపోతే ఇక్కడినుంచి చదవడం వరకే చాలు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ సప్లై నడిచే గదిలోకే రాకూడదు.

ఏ దారిన వెళ్లాలి

వాన్ డి గ్రాఫ్ లక్షల వోల్టులు ఇస్తుంది కానీ కరెంటు కొన్ని మైక్రోఆంపియర్లే. గాలిలో తేమ పెరిగితే బెల్టు మీద చార్జి నిలవదు. వోల్టేజి ఇంత అని కట్టడి చేయడం కూడా కష్టం. పాత పిక్చర్ ట్యూబ్ టీవీల్లోని ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్లలో, లోపలే డయోడ్లు ఉన్న రకం నేరుగా 20 నుంచి 30 కేవీ డీసీ ఇస్తుంది. మీ పనికి 25 కేవీ సరిపోతే అదే వాడుకుని ఆగిపోండి, మల్టిప్లయర్ (డయోడ్లు, కెపాసిటర్ల మెట్లతో వోల్టేజి పెంచే సర్క్యూట్) జోలికి వెళ్లే పనిలేదు.

అంతకంటే ఎక్కువ కావాలంటే వోల్టేజి మల్టిప్లయరే దారి. ఈ సర్క్యూట్‌ను 1919లో స్విట్జర్లాండ్‌కు చెందిన హైన్రిక్ గ్రైనాకర్ రూపొందించాడు. పేరు మాత్రం కాక్‌క్రాఫ్ట్, వాల్టన్‌లకు దక్కింది. 1932లో కేంబ్రిడ్జిలో వాళ్లు ఇదే పద్ధతితో ప్రోటాన్లను వేగంగా తోలి లిథియం కేంద్రకాన్ని చీల్చారు, 1951లో నోబెల్ అందుకున్నారు.

ఇన్‌పుట్‌కు మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్ వాడే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. అది 2,000 వోల్టుల దగ్గర అర ఆంపియర్ వరకు ఇవ్వగలదు, ఆపేది ఏదీ ఉండదు. మెయిన్స్ ఫ్రీక్వెన్సీ మీద మల్టిప్లయర్ నడపడం ఎందుకు తప్పో కింది లెక్కలో కూడా కనిపిస్తుంది.

లెక్క

మల్టిప్లయర్‌లో ఒక్కో స్టేజికి రెండు కెపాసిటర్లు, రెండు డయోడ్లు. లోడు లేనప్పుడు అవుట్‌పుట్ = 2 × స్టేజీల సంఖ్య × ఇన్‌పుట్ పీక్ వోల్టేజి. 5 కేవీ పీక్, అంటే పీక్ నుంచి పీక్ 10 కేవీ, ఇస్తే 5 స్టేజీలకు 50 కేవీ. లోడు పడగానే తగ్గుతుంది. ఎంత తగ్గుతుందంటే, స్టేజీల సంఖ్యను ‘న’ అనుకుంటే:

తగ్గుదల = (కరెంటు ÷ (ఫ్రీక్వెన్సీ × కెపాసిటెన్స్)) × (2న³/3 + న²/2 − న/6)

అవుట్‌పుట్‌లో అల (రిపుల్) = (కరెంటు ÷ (ఫ్రీక్వెన్సీ × కెపాసిటెన్స్)) × న(న+1)/2

5 స్టేజీలకు మొదటి సూత్రంలోని బ్రాకెట్ విలువ 95, రెండో దానిలో 15. ముందుగా అందరూ ఎంచుకునే 1 నానోఫారడ్ తీసుకుందాం. 30 కిలోహెర్ట్జ్ దగ్గర 100 మైక్రోఆంపియర్లకు తగ్గుదల 317 వోల్టులు, అల 50 వోల్టులు. 50 వేలలో అది లెక్కలోకి రాదు. అదే కెపాసిటర్లు 50 హెర్ట్జ్ మీద పెడితే తగ్గుదల 1,90,000 వోల్టులని వస్తుంది, అంటే సర్క్యూట్ ఆ కరెంటు ఇవ్వనే లేదు. దాన్ని సరిదిద్దాలంటే కెపాసిటర్లు 600 రెట్లు పెంచాలి, నిల్వ కూడా 600 రెట్లు పెరుగుతుంది. ఫ్రీక్వెన్సీ పెంచేది ముఖ్యంగా ఇందుకే.

ఇప్పుడు నిల్వ. మొదటి కెపాసిటర్ మీద 5 కేవీ, మిగతా తొమ్మిదింటి మీద తలా 10 కేవీ ఉంటుంది. 1 నానోఫారడ్ అయితే మొత్తం 0.46 జౌల్. గీత దాటింది. 470 పికోఫారడ్లకు దిగితే 0.22 జౌల్, గీతకు లోపలికొచ్చాం. దానికి మనం చెల్లించేదేమిటి? తగ్గుదల 317 నుంచి 670 వోల్టులకు, అల 50 నుంచి 106కు పెరుగుతాయి. 50 కేవీలో నూటికి ఒకటిన్నర కూడా కాదు. ఈ బేరం వదులుకోవద్దు.

స్టేజీలు ఎక్కువ పెడితే ఎక్కువ వోల్టేజి వస్తుందనే నమ్మకానికి కూడా ఈ సూత్రమే జవాబు. తగ్గుదల స్టేజీల ఘనంతో పెరుగుతుంది. ఇవే 470 పికోఫారడ్లతో 10 స్టేజీలు కట్టి 1 మిల్లీఆంపియర్ లాగితే 100 కేవీలో 51 కేవీ లోపలే పోతుంది. ఆ కరెంటుకు 8 స్టేజీలు దాటాక స్టేజి చేర్చేకొద్దీ అవుట్‌పుట్ పెరగడం మాని తగ్గుతుంది. వోల్టేజి చాలకపోతే ముందు ఇన్‌పుట్ పెంచండి, తర్వాత ఫ్రీక్వెన్సీ, ఆఖరున స్టేజీలు.

సామాను

- 470 పికోఫారడ్, 20 కేవీ సెరామిక్ డిస్క్ కెపాసిటర్లు 10
- 20 కేవీ, 100 నానోసెకన్ల రికవరీ (వెనక్కి మూసుకునే సమయం) ఉన్న హై వోల్టేజి డయోడ్లు 10
- 100 మెగాఓం, 10 కేవీ రెసిస్టర్లు 10 (మీటరుకు, డిశ్చార్జికి)
- 1 మెగాఓం, కనీసం 5 కేవీ రెసిస్టర్లు 10 (అవుట్‌పుట్‌లో సిరీస్‌గా)
- 50 మైక్రోఆంపియర్ల ముల్లు మీటరు 1
- ఎస్‌జీ3525 ఐసీ 1, ఐఆర్‌ఎఫ్540 మాస్‌ఫెట్లు 2
- లోపల డయోడ్ లేని పాత రకం ఫ్లైబ్యాక్ సెకండరీ, దాని ఫెర్రైట్ కోర్
- 0 నుంచి 12 వోల్టుల వరకు తిప్పగలిగే, 1 ఆంపియర్ దగ్గర ఆగే బెంచ్ సప్లై; ఐసీకి వేరే 12 వోల్టులు
- 5 సెంటీమీటర్ల నున్నటి లోహపు బంతి

కెపాసిటర్‌కు వచ్చేది 10 కేవీ అయినా 20 కేవీది ఎందుకంటారా? చవక సెరామిక్ కెపాసిటర్ల కెపాసిటెన్స్ డీసీ వోల్టేజి ఎక్కేకొద్దీ పడిపోతుంది. కొన్ని రకాలు పూర్తి రేటింగు దగ్గర సగానికి పైగా పోగొట్టుకుంటాయి. సగం రేటింగుకే నడిపితే ఆ నష్టం తగ్గుతుంది, పగుళ్లు పట్టి షార్ట్ కావడమూ తగ్గుతుంది.

డయోడ్ల దగ్గర పొదుపు చేసేవాళ్లు 1ఎన్4007లను 15, 20 చొప్పున వరసగా కట్టేస్తారు. 50 హెర్ట్జ్ మీద అది నడుస్తుంది. 30 కిలోహెర్ట్జ్ మీద ఒక ఆవృత్తి 33 మైక్రోసెకన్లే. 1ఎన్4007 వెనక్కి మూసుకోవడానికే మైక్రోసెకన్లు పడుతుంది. ఆలోపు ఎక్కిన చార్జి వెనక్కి కారిపోతుంది, డయోడ్లు వేడెక్కుతాయి. దండలో ముందుగా మూసుకున్నది ఎక్కువ వోల్టేజి మోసి ముందుగా పోతుంది, దాని వెనకే మిగతావీ.

డ్రైవరు, ట్రాన్స్‌ఫార్మరు

హాబీ వాళ్లు ఎక్కువగా వాడే రెండు మాస్‌ఫెట్ల జడ్‌వీఎస్ (జీరో వోల్టేజి స్విచింగ్) డ్రైవరును ఇక్కడ వద్దంటాం. కారణాలు రెండు. అది ఫ్లైబ్యాక్‌లోంచి పదుల మిల్లీఆంపియర్లు లాగగలదు. మనకు కావాల్సిన పవరు 5 వాట్లే, వంద వాట్ల గుర్రాన్ని దీనికి కట్టడం అనవసరపు అపాయం. రెండోది, 1 ఆంపియర్ దగ్గర ఆగే సప్లై మీద అది సరిగా స్టార్ట్ కాదు. వోల్టేజి నెమ్మదిగా ఎక్కితే ఆసిలేషన్ మొదలుకాకుండానే రెండు మాస్‌ఫెట్లూ ఒకేసారి ఆన్ అయి కూర్చుంటాయి.

ఎస్‌జీ3525తో పుష్‌పుల్ (రెండు మాస్‌ఫెట్లు వంతులవారీగా ఆన్ అయ్యే పద్ధతి) కట్టండి. 5వ పిన్నుకు 2.2 నానోఫారడ్ కెపాసిటర్, 6వ పిన్నుకు 6.8 కిలోఓంల రెసిస్టర్, దానికి సిరీస్‌గా 5 కిలోఓంల ప్రీసెట్ (తిప్పి విలువ మార్చే రెసిస్టర్), 5–7 పిన్నుల మధ్య 47 ఓంలు. ప్రీసెట్ తిప్పితే అవుట్‌పుట్ 27 నుంచి 46 కిలోహెర్ట్జ్ వరకు మారుతుంది. లోపలి ఆసిలేటర్ దీనికి రెట్టింపు వేగంతో తిరుగుతుంది, స్కోప్ 4వ పిన్ను మీద పెట్టి కంగారు పడొద్దు. 1, 9 పిన్నులు కలిపేసి, 2వ పిన్నును 16కు ఇస్తే పూర్తి వెడల్పు పల్సులు వస్తాయి. వోల్టేజిని మనం బెంచ్ సప్లైతోనే తిప్పుతాం కాబట్టి అది చాలు. 8వ పిన్నుకు 10 మైక్రోఫారడ్ పెడితే మెల్లగా ఎక్కుతుంది. 11, 14 పిన్నుల నుంచి 15 ఓంల రెసిస్టర్ల ద్వారా గేట్లకు, గేటుకూ సోర్సుకూ మధ్య 10 కిలోఓంలు.

ఐసీకి వేరే సప్లై ఎందుకో గుర్తుంచుకోండి. అది 8 వోల్టుల కింద పనిచేయదు. మనం మాత్రం పవరు వైపు 1 వోల్టు నుంచి మొదలుపెట్టాలి.

ప్రైమరీకి ఎన్ని చుట్లు? వోల్టేజి ÷ (4 × ఫ్రీక్వెన్సీ × ఫ్లక్సు సాంద్రత × కోర్ వైశాల్యం). 12 వోల్టులు, 30 కిలోహెర్ట్జ్, 0.2 టెస్లా, కోర్ కాలు అడ్డుకోత 1 చదరపు సెంటీమీటరు అయితే సరిగ్గా 5. మధ్యలో ట్యాప్ కాబట్టి 5+5 చుట్లు. రెండు తీగలు పక్కపక్కన పట్టి ఒకేసారి చుట్టి, ఒకదాని చివరను రెండోదాని మొదలుకు కలపండి. విడివిడిగా చుడితే మాస్‌ఫెట్లు ఆఫ్ అయినప్పుడు వచ్చే స్పైకులు పెరుగుతాయి. ఐఆర్‌ఎఫ్540కి రేటింగు 100 వోల్టులు, మామూలుగా 24 వోల్టులే కనిపిస్తుంది కాబట్టి కొంత స్పైకును భరిస్తుంది. సెంటర్ ట్యాప్ దగ్గరే 1,000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండాలి, బారెడు తీగ అవతల కాదు.

సెకండరీ వైండింగుకు తనదైన కెపాసిటెన్స్ ఉంటుంది కాబట్టి ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర రెజొనెన్స్ వచ్చి అవుట్‌పుట్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ప్రీసెట్‌ను తక్కువ వోల్టేజి మీదే తిప్పి చూసుకోవడం అందుకే. 12 వోల్టుల మీద తిప్పుతూ పోతే 5 కేవీ రావాల్సిన చోట 9 కేవీ వచ్చి సెకండరీ లోపలే స్పార్క్ కొట్టి, పనికిరాకుండా పోతుంది.

నిచ్చెన కట్టడం

దీన్ని నిచ్చెనలా ఊహించుకోండి. ఎడమ కాలు ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ వేడి కొసకు (హై వోల్టేజి వైపు), కుడి కాలు ఎర్త్‌కు. రెండు కాళ్లలోనూ ఐదేసి కెపాసిటర్లు ఒకదాని మీద ఒకటి సిరీస్‌లో. డయోడ్లు అడ్డంగా జిగ్‌జాగ్: ఎర్త్ నుంచి ఎడమ 1కి, ఎడమ 1 నుంచి కుడి 1కి, కుడి 1 నుంచి ఎడమ 2కి, అలా పైదాకా. పాజిటివ్ అవుట్‌పుట్ కావాలంటే ప్రతి డయోడ్ గీత (క్యాథోడ్) పై వైపే ఉండాలి. ఒక్కటి తిరగబడినా అక్కడితో ఆగిపోతుంది. అవుట్‌పుట్ కుడి 5 నుంచి.

ఒక్కో మెట్టు మధ్య 10 కేవీ. గాలి సమానమైన ఫీల్డులో సెంటీమీటరుకు 30 కేవీ ఆపుతుందని పుస్తకాల్లో ఉంటుంది. అది నున్నటి పళ్లేల మధ్య మాట. సూదిమొనల మధ్య అయితే సెంటీమీటరుకు 10 కేవీ వేసుకోవాలి. 50 కేవీ 5 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గోళాల మధ్య 1.7 సెంటీమీటర్లు దూకుతుంది, సూదుల మధ్య 5 సెంటీమీటర్లు. మీ నిచ్చెనలో కత్తిరించిన తీగ కొసలన్నీ సూదులే. కాబట్టి గాలిలో మెట్టుకు 3 సెంటీమీటర్లు, అవుట్‌పుట్ నుంచి ఎర్త్ అయిన ఏ వస్తువుకైనా 10 సెంటీమీటర్లు ఉంచండి.

సోల్డరింగ్ విషయంలో ఎలక్ట్రానిక్స్ అలవాట్లు పక్కన పెట్టాలి. మామూలు బోర్డు మీద తక్కువ సీసం, పదునైన కోణం అందం. ఇక్కడ జాయింటు గుండ్రటి బొట్టులా, శనగగింజలా ఉబ్బి ఉండాలి. తీగ కొస దానిలో మునిగిపోవాలి. ఒక్క పోగు బయటికి పొడుచుకొచ్చినా చీకట్లో దాని కొసన ఊదారంగు వెలుగు, సన్నటి బుస వినిపిస్తాయి. అదే కరోనా. అది చేసే నష్టం రెండు రకాలు: మీ 100 మైక్రోఆంపియర్లలో సగం అక్కడే గాలిలో కలిసిపోతుంది, దాంతో పుట్టే ఓజోన్ పక్కనున్న ప్లాస్టిక్‌ను, రబ్బరును తినేస్తుంది. అవుట్‌పుట్ కొసకు బంతి పెట్టేది కూడా దీన్ని ఆపడానికే. ఒంటరి గోళం ఉపరితలం మీద ఫీల్డు అంటే వోల్టేజిని వ్యాసార్ధంతో భాగించినది. 2.5 సెంటీమీటర్ల వ్యాసార్ధానికి 50 కేవీ దగ్గర సెంటీమీటరుకు 20 కేవీ, 30కి లోపలే.

ఫ్లక్స్ జిడ్డు, వేలిముద్రలు, దుమ్ము ఇవన్నీ కరెంటు పాకే దారులు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరకుండా ఆన్ చేస్తే ఆవిరికి స్పార్క్ అంటుకుంటుంది. ఒకసారి ప్లాస్టిక్ మీద స్పార్క్ పాకి నల్లటి చార పడిందా, ఆ ముక్క ఇక పనికిరాదు. ఆ నలుపు కార్బన్, గీకినా లోపల మిగులుతుంది. ముక్కనే మార్చండి.

మూసిన ప్లాస్టిక్ గొట్టంలో ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ పోసి అందులో నిచ్చెన ముంచితే మెట్టుకు 3 సెంటీమీటర్లు అక్కర్లేదు, ఒకటి చాలు. కానీ ఆయిల్ పొడిగా ఉంటేనే. కాస్త తేమ చేరినా దాని బలం బాగా పడిపోతుంది. పోశాక ఒక రాత్రి కదపకుండా ఉంచి బుడగలన్నీ పైకి రానివ్వండి, డిస్కుల అడుగున ఇరుక్కున్న బుడగే ముందుగా కొడుతుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వంపిన ఆయిల్ మాత్రం వద్దు, వాటిలో పీసీబీ అనే విషరసాయనం ఉండే అవకాశం ఉంది.

అవుట్‌పుట్, మీటరు

పది 100 మెగాఓంల రెసిస్టర్లు సిరీస్‌గా కట్టి కుడి 5 నుంచి కిందికి దించి, 50 మైక్రోఆంపియర్ల మీటరు గుండా ఎర్త్ చేయండి. మొత్తం 1 గిగాఓం. ముల్లు పూర్తిగా వాలితే 50 కేవీ, మధ్యలో ఉంటే 25. ఇదే డిశ్చార్జి దారి కూడా. డయోడ్ల ద్వారా ఎడమ కాలు కూడా ఇందులోకే ఖాళీ అవుతుంది, రెండు కాళ్లూ కలిపి కెపాసిటెన్స్ సుమారు 200 పికోఫారడ్లే కాబట్టి ఆఫ్ చేసిన సుమారు ఒక సెకనులో అవుట్‌పుట్ నూటికి ఒకటి కంటే కిందికి దిగుతుంది. ఈ దండ ఎప్పుడూ తగిలే ఉండాలి, దీనికి స్విచ్ పెట్టొద్దు. మీటరు తాగే 50 మైక్రోఆంపియర్లు పోగా లోడుకు మిగిలేది మరో 50.

మీటరు తీగ తెగితే దాని కొసన పూర్తి వోల్టేజి నిలబడుతుంది. అందుకే మీటరుకు అడ్డంగా ఒక 90 వోల్టుల గ్యాస్ డిశ్చార్జ్ ట్యూబ్, ఒక 100 కిలోఓంల రెసిస్టర్ దండ అడుగు కొస నుంచి ఎర్త్‌కు నేరుగా సోల్డర్ చేయండి. 100 కిలోఓంలు మీటరు కాయిల్‌తో పోలిస్తే చాలా ఎక్కువ, రీడింగ్ చెప్పుకోదగ్గంత మారదు. మీటరు కాయిలే తెగిన రోజు మాత్రం దాని మీద 5 వోల్టులే పడతాయి. మామూలు మల్టీమీటరు ప్రోబులు 1,000 వోల్టులకే. టీవీ మెకానిక్‌ల హై వోల్టేజి ప్రోబులు కూడా సాధారణంగా 40 కేవీ వరకే, వాటిని 50 మీద పెట్టకండి.

లోడుకు వెళ్లే దారిలో 1 మెగాఓం రెసిస్టర్లు పది, మొత్తం 10 మెగాఓంలు. లోడు షార్ట్ అయినా నిచ్చెన నుంచి వచ్చే కరెంటు 5 మిల్లీఆంపియర్లు దాటదు. ఇవి లేకపోతే ప్రతి స్పార్క్‌కూ కెపాసిటర్లన్నీ డయోడ్ల మీద కుమ్మరించుకుంటాయి. మల్టిప్లయర్లలో డయోడ్లు చావడానికి మొదటి కారణం ఇదే. పది ముక్కలు ఎందుకంటే, షార్ట్ అయిన క్షణం 50 కేవీ అంతా వీటి మీదే పడుతుంది. పావు వాటు రెసిస్టర్ ఒక్కటి పెడితే స్పార్క్ దాని ఒంటి మీదుగానే దూకేస్తుంది.

తర్వాత కేబుల్. లోహపు అల్లిక చుట్టిన కోయాక్సియల్ కేబుల్ మీటరుకు సుమారు 100 పికోఫారడ్లు. 3 మీటర్లు లాగితే 50 కేవీ దగ్గర 0.375 జౌల్. మనం ఇంత కష్టపడి 0.22కు తెచ్చిన నిల్వకు ఒక్క కేబుల్ అంతకు మించి కలిపేసింది. అదీ 10 మెగాఓంల రెసిస్టర్‌కు అవతల, ఆపేదేమీ లేకుండా. అందుకే లోడుకు వెళ్లేది 30 సెంటీమీటర్ల సిలికాన్ హై వోల్టేజి వైరు, గాలిలో, దేనికీ ఆనకుండా. కేబుల్ తప్పనిసరైతే రెసిస్టర్లను దాని అవతలి కొసకు, లోడు పక్కకు మార్చండి.

పెట్టె, ఎర్త్, స్విచ్

సెకండరీ చల్ల కొస (ఎర్త్ వైపు), నిచ్చెన అడుగు, మీటరు, లోహపు పెట్టె అన్నీ ఒకే బోల్టు దగ్గర కలవాలి, అక్కడినుంచి మందపాటి తీగ ఎర్త్‌కు. ఈ తీగ వదులైతే స్పార్క్ కొట్టిన ప్రతిసారీ పెట్టె మొత్తం కొన్ని కిలోవోల్టులకు ఎగిరి పడుతుంది. డ్రైవరు ఐసీ పోతుంది, దానికి కలిపి ఉన్న బెంచ్ సప్లై కూడా. ల్యాప్‌టాప్, ఫోన్, చెవి మిషను రెండు మీటర్ల దూరంలో పెట్టండి.

పెట్టె మూత తీస్తే 12 వోల్టుల పవరే తెగాలి. ఎస్‌జీ3525 10వ పిన్నుతో ఆపడం సౌకర్యమే కానీ దాన్ని భద్రతగా లెక్కేయకూడదు. ఐసీ చెడితే అదీ చెడుతుంది. చేయి తీస్తే ఆగిపోయే నొక్కుడు బటన్ ఒకటి, మీటరు పొడవు తీగ కొసన, ఒక చేత్తో పట్టుకునేలా పెట్టుకోండి. రెండో చెయ్యి జేబులో. ఉంగరం, గడియారం, గొలుసు తీసేయాలి. గదిలో ఇంకొకరు ఉండాలి, పవరు ఎక్కడ తెగుతుందో వాళ్లకు ముందే చూపించాలి.

మొదటిసారి ఆన్ చేయడం

మొత్తం కట్టేసి ఒకేసారి స్విచ్ నొక్కొద్దు. ముందు నిచ్చెన తీసేసి డ్రైవరు ఒక్కటీ: 3 వోల్టుల మీద గేటు పల్సులు స్కోపులో చూడండి, రెండు పల్సుల మధ్య కాస్త ఖాళీ ఉండాలి. తర్వాత ఒకే ఒక్క స్టేజి. 2 వోల్టుల ఇన్‌పుట్‌తో మొదలుపెట్టి ప్రీసెట్ తిప్పి రెజొనెన్స్ వెతికి, దానికి కొంచెం పక్కన నిలపండి. సరిగ్గా శిఖరం మీద పెడితే లోడు మారినప్పుడల్లా అవుట్‌పుట్ గంతులేస్తుంది. 12 వోల్టులకు ఆ స్టేజి 10 కేవీ ఇస్తే రెండో స్టేజి కలపండి. అలా ఐదు.

పైకి ఎక్కే కొద్దీ కొన్ని మామూలు గుర్తులు: బంతి దగ్గరి దుమ్ము, పోగులు నిలబడతాయి, చేయి అర మీటరు దూరంలో ఉండగానే వెంట్రుకలు లేస్తాయి. లేచాయంటే మీరు అవసరానికి మించి దగ్గరున్నారు. ఘాటైన వాసన వస్తే అది ఓజోన్, ఆపి కిటికీ తెరిచి, కరోనా ఎక్కడో చీకట్లో వెతకండి.

అవుట్‌పుట్ సగమే వస్తోందా? నిచ్చెన మధ్యలో డయోడ్ షార్ట్ అయి ఉంటుంది. 20 కేవీ డయోడ్‌ను మల్టీమీటరుతో పరీక్షించలేరు. లోపల ఎన్నో జంక్షన్లు వరసగా ఉంటాయి కాబట్టి ముందుకు వెళ్లడానికే పదుల వోల్టులు కావాలి, మీటరు రెండు వైపులా ఓపెన్ అంటుంది. 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టండి. ఒక వైపు దాదాపు సున్నా, రెండో వైపు అనంతం వస్తే బాగున్నట్టు. సప్లై కరెంటు ఎక్కువై వోల్టేజి రాకపోతే ముందు కరోనా, తర్వాత కెపాసిటర్‌లో పగులు అనుమానించండి. వానాకాలపు తేమలో మాత్రమే తగ్గుతుంటే అది ఉపరితలం మీద పాకే కరెంటు, మళ్లీ కడగాలి.

ఆఫ్ చేశాక

ఎక్కువ దెబ్బలు తగిలేది నడుస్తున్నప్పుడు కాదు, ఆపాక. మీటరు ముల్లు సున్నాకు వచ్చింది కదా అని చేయి పెడతారు. ఆ సున్నా అవుట్‌పుట్ గురించి మాత్రమే.   నిచ్చెనలో ఏదైనా డయోడ్ ఓపెన్ అయినా, జాయింటు ఊడినా ఆ ముక్క నిండుగా అలాగే ఉంటుంది.

అందుకు ఒక డిశ్చార్జ్ రాడ్ చేసుకోండి. మీటరు పొడవు ఫైబర్‌గ్లాస్ లేదా అక్రిలిక్ కర్ర, కొసన రాగి కొక్కెం, కొక్కెం నుంచి అల్లిన రాగి తీగ కర్రకు దూరంగా వేలాడుతూ ఎర్త్ బోల్టుకు. తీగ ఎర్త్ కొస ముందే బిగించి ఉండాలి, తర్వాతే కొక్కెం కదలాలి. పవరు తెంచి, ప్లగ్గు పీకి, 10 సెకన్లు ఆగి, ముందు బంతికి తగిలించండి. తర్వాత కుడి కాలు ప్రతి జాయింటుకు, ఆపైన ఎడమ కాలు ప్రతి జాయింటుకు. చివరగా చేతిపిడి ఉన్న రెండు కొసల తీగతో ప్రతి కెపాసిటర్‌నూ విడిగా షార్ట్ చేయండి. కొక్కెం బంతికి వేలాడుతూ ఉండగానే లోపల చేయి పెట్టండి.

ఎవరికైనా షాక్ తగిలి పడితే ముట్టుకోకముందు పవరు తెంచి, బంతికి రాడ్ తగిలించాలి. ఆ తర్వాతే మనిషిని చూడాలి. ఊపిరి లేకపోతే అత్యవసర సాయానికి ఫోన్ చేయించి, ఛాతీ నొక్కుతూ సీపీఆర్ మొదలుపెట్టాలి. లేచి కూర్చుని బాగున్నానన్నా డాక్టరు దగ్గర ఈసీజీ తీయించాలి. షాక్‌తో చేయి ఎగిరి గోడకో, పదునైన అంచుకో కొట్టుకున్న గాయాలు కూడా మామూలే.

ఇక దేనికి కలపకూడదో. గాలి తీసేసిన గాజు దేనికీ ఈ సప్లైని తగిలించొద్దు: పాత రేడియో వాల్వులు, పిక్చర్ ట్యూబులు, వాక్యూమ్ బల్బులు, ఇంట్లో పంపుతో గాలి తీసిన సీసాలు. శూన్యంలో ఎలక్ట్రాన్లు 50 కేవీకి వేగం పుంజుకుని లోహాన్ని గుద్దితే వచ్చేది ఎక్స్‌రే, ఆ శక్తి దగ్గర మామూలు గాజు దాన్ని ఆపదు. అది కంటికి కనిపించదు, వాసన రాదు, ఒంటికి తెలియదు. మామూలు గాలి పీడనంలో స్పార్కులతో ఈ బెడద లేదు.

బీరువాలో పెట్టే ముందు నిచ్చెన పై కొస నుంచి కింది కొసకు, ప్రతి కెపాసిటర్ కాళ్లను కలుపుతూ, ఒక బోసి రాగి తీగ చుట్టి వదిలేయండి. సెరామిక్ కెపాసిటర్ షార్ట్ చేసి వదిలాక కూడా తన ఒంట్లో ఇంకిన చార్జిని మెల్లగా తిరిగి కాళ్ల మీదికి తెస్తుంది. వారం తర్వాత పెట్టె తెరిచిన మనిషికి అది తెలియదు. ఆ తీగకు ఒక ఎర్ర గుడ్డపీలిక కట్టండి, మళ్లీ నడిపేటప్పుడు తీయడం మర్చిపోకుండా.